కింది పన్ను

మడుగులో నానిన కర్రపెండలం దుంపలకు తొక్క లాగుతున్న చిబెసకు, కూతురు చెరకు నమలడం ఆపేసిందని ముందు చెవికే తెలిసింది. అంతవరకు వాకిట్లో కరకరమంటున్న చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. తలెత్తి చూస్తే లూసె నోట్లో వేలు పెట్టుకుని, కళ్లు ఆకాశానికి తిప్పి, ఊరి పెత్తనమంతా తన నెత్తిన పడినట్టు నిలబడి ఉంది.

"అమ్మా, కదులుతోంది."

"ఏమిటే?"

"పన్ను. ముందుది. ఇట్లా అంటే అట్లా పోతోంది చూడు."

ఆరేళ్ల పిల్లకు పన్ను కదలడం వింతేమీ కాదు. ఆ సరస్సు ఒడ్డు ఊళ్లో ఏ తల్లయినా "ఇక నీకు మొగుణ్ని వెతకాలే" అని ఒక ఎగతాళి మాట విసిరి తన పనిలో తాను పడేది. చిబెస లేచి వచ్చింది. నడుముకు చుట్టుకున్న చితెంగె గుడ్డకు చేతులు తుడుచుకుని, పిల్ల చేతిలోని చెరకు గడ లాక్కుని అంత దూరాన విసిరేసింది. తర్వాత గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చూసింది. పన్ను కదులుతున్న మాట నిజమే.

విసిరిన గడ పోయి వాకిలికి అవతలివైపు తన గడ్డి గుడిసె ముందు చాప మీద కూచున్న ముసలమ్మ కాళ్ల దగ్గర పడింది. ఆమె చిబెస అత్తగారు. మ్వేవా తల్లి అని ఊరంతా పిలుస్తారు. చాటలో చిక్కుడు గింజలు పోసుకుని రాళ్లు ఏరుతోంది.

"ఎవరమ్మా నామీదికి చెరకు విసిరేది? పళ్లున్న రోజుల్లో ఒక్కరూ ఇచ్చిన పాపాన పోలేదు" అంది ముసలమ్మ. సంగతి విని, ముడతల ముఖం విప్పార్చుకుని, పిల్లను దగ్గరికి రమ్మంది. "వల దారం ఒక పోగు పట్రావే. ఒక్క లాగు లాగామంటే నీకు తెలిసే లోపల ఊడొస్తుంది."

దారమూ వద్దు, లాగడమూ వద్దు, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని చిబెస అంది. మామూలుగా అత్తగారికి ఎదురు చెప్పే మనిషి కాదు. ముసలమ్మ ఒక్క క్షణం ఇటే చూసి, మళ్లీ చాట మీదికి వంగింది. ఆమె కళ్లకు పొరలు కమ్మి చాలా కాలమైందని ఊళ్లో అందరికీ తెలుసు. ఎదురొచ్చే మేకను పక్కింటి పిల్లవాడనుకుని పేరు పెట్టి పలకరిస్తుందని నవ్వుకుంటారు. చిక్కుళ్లలో రాళ్లు మాత్రం ఒక్కటి మిగలనిచ్చేది కాదు.

చిబెస మళ్లీ దుంపల ముందు కూచుంది. నానిన దుంపకు తొక్క పాము కుబుసంలా ఊడి వస్తుంది. తర్వాత దుంపను రెండుగా చీల్చి నడిమి ఈనె లాగేయాలి. ఈనె లాగకపోతే ఎండాక దంచేటప్పుడు పిండిలో పీచు మిగిలిపోతుంది. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే అయినా ఆ పూట ఆమె ఈనెలు లాగడం మరిచి సగం దుంపల్ని అలాగే ఎండకు పరిచింది.

పిల్లలకు కింది పళ్లు ముందు రావాలి. పై పన్ను ముందొస్తే ఆ బిడ్డను చింకుల అంటారు. చింకుల బిడ్డకు పాలపన్ను ఊడితే ఆ ఇంట్లో ఎవరో ఒకరు పోతారు. ఒక్కో పన్ను ఒక్కో ప్రాణాన్ని వెంటబెట్టుకుని మరీ పోతుందని చిబెస తన అమ్మమ్మ నోట విన్నది. పూర్వం అలాంటి బిడ్డను ఇంట్లో ఉండనిచ్చేవారు కాదు. ఏం చేసేవారో పెద్దలు నోరు విప్పి చెప్పరు గాని, సరస్సు ఒడ్డున జమ్ము దట్టంగా పెరిగిన ఒక మలుపు వైపు ఆడవాళ్లు కుండ తీసుకుని పోరు. ఇప్పుడు బడి వచ్చింది, ఆదివారం ప్రార్థనలొచ్చాయి. ఆ మాట ఎవరూ పైకి అనరు. పైకి అనకపోతే ఏం, బిడ్డకు మొదటి పన్ను కనపడేదాకా ప్రతి తల్లీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే తిరుగుతుంది.

లూసెకు పై పన్నే ముందొచ్చింది. ఆ సంగతి లోకంలో చిబెసకు ఒక్కదానికే తెలుసు. పాలిస్తుంటే చురుక్కుమని, పెదవి ఎత్తి చూస్తే పై చిగురు మీద నూకంత తెలుపు. జలుబు చేసిందని చెప్పి బిడ్డ ముఖం మీద గుడ్డ కప్పి మూడు రోజులు తిప్పింది. ఆ తర్వాత ముసలమ్మ ఊరుకోలేదు. ఆ వాడలో ఏ బిడ్డకు పళ్లొస్తున్నా ఆమే చూసి చెప్పాలి, అది ఆమెకున్న ఒకే ఒక పెద్దరికం. కాళ్లు చాపుకుని, బిడ్డను తొడల మీద వెల్లకిలా వేసుకుని, తలను తన పొట్టకు ఆనించుకుని, వంగి నోట్లోకి చూసి, "కింది పన్ను! నా మనవరాలికి కింది పన్నొచ్చింది!" అని నాలుగిళ్లకు వినిపించేలా కేకేసింది. బిడ్డను అలా తన వైపు తలపెట్టి పడుకోబెట్టుకుంటే పై చిగురు కిందికీ కింది చిగురు పైకీ కనపడుతుందని ఆ వెర్రి ముసలిదానికి తోచలేదు. దేవుడు ఆమె కళ్లకు పొరలు కప్పి తన బిడ్డను కాపాడాడని చిబెస ఆ రోజు అనుకుంది. ఆరేళ్లుగా అదే అనుకుంటోంది. అయితే ఊరి కళ్లు కప్పొచ్చు గాని, ఊడే పన్ను కళ్లు ఎవరు కప్పగలరు?

ఆ సాయంత్రమే పక్కింటి కలుబ వచ్చింది. ఆమె చంకలో ఉన్న కొడుక్కి ఎనిమిదో నెల, చొంగ కారి కారి గడ్డమంతా ఒరిసిపోయింది. ఎప్పుడూ గలగలలాడే మనిషి ఆ పూట నోరు మెదపకుండా బిడ్డను ముసలమ్మ ఒళ్లో పడుకోబెట్టి, పక్కన నిలబడి గోళ్లు కొరుక్కుంది. ముసలమ్మ ఎప్పటిలాగే బిడ్డ తలను పొట్టకు ఆనించుకుంది, ఎప్పటిలాగే వంగి చూసింది, ఎప్పటిలాగే కేకేసింది.

"కింది పన్నే. నా నశ్యం ఏది?"

కలుబ కొంగున కట్టుకొచ్చిన నశ్యం పొట్లం ఇచ్చి, బిడ్డను చుట్టబెట్టుకుని గబగబా వెళ్లిపోయింది. చిబెస మనసు మనసులో లేదు, ఆమె ముఖం సరిగా చూడలేదు.

మర్నాటి నుంచీ లూసెకు తిండి విషయంలో కష్టాలు మొదలయ్యాయి. ఎండుచేప ఇస్తే అందులో ముల్లు ఉంటుందని చిబెస దాన్ని మెత్తగా చిదిపి, వేరుశనగ పొడి వేసి ఉడికించిన గుమ్మడాకులో కలిపి పెట్టింది. కర్రపెండలం పిండితో చేసే ఉబ్వాలి ముద్దను పల్చగా జావలా కలిపింది. వేయించిన వేరుశనగలు వద్దంది. చెరకు పేరెత్తొద్దంది. నాలుకతో పన్నును కదపొద్దని చెప్పింది. ఈ చివరిది మాత్రం ఏ తల్లి చెప్పినా ఏ బిడ్డా వినదు. లూసె నాలుక నిద్రలో కూడా అక్కడే ఉండేది.

"నేనేమైనా చంటిపిల్లనా, జావ తాగడానికి?" అని పిల్ల ముసలమ్మ దగ్గరికి పోయి ఫిర్యాదు చేసింది. కలుబ పెద్ద కూతురికి ముందు రెండు పళ్లూ ఊడి, ఆ సందులోంచి ఈల వేస్తోందట. బడిలో ఒకటో తరగతిలో సగం మంది ఈలలే. తనొక్కతే నోరు మూసుకుని కూచోవాల్సి వస్తోందట.

పన్ను ఇంకో నాలుగు రోజులు ఆగితే చాలుననుకుంది చిబెస. మొగుడు మ్వేవా దీవుల్లో చేపలు పట్టి ఎండబెట్టే గుడిసెలకు పోయి ఉన్నాడు. శనివారానికి రావాలి. ఆ నెలల్లో దక్షిణపు గాలి ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలీదు, లేచిందంటే సరస్సు మీద తెల్లటి నురుగు తప్ప మరేమీ కనపడదు. అతను ఒడ్డు చేరి ఇంట్లో కూచున్నాక పన్ను ఊడినా అంత భయం లేదని ఆమెకు ఎందుకో తోచింది. నేల మీద ఉన్న మనిషిని మృత్యువు వెతుక్కుంటూ రావాలి, నీళ్ల మీద ఉన్నవాణ్ని ఊరికే ముంచేస్తే సరిపోతుంది. ఇక ముసలమ్మ చూస్తే తెల్లవార్లూ దగ్గుతోంది. ఇంట్లో ఉన్నది నలుగురు. పిల్లను తీసేస్తే ముగ్గురు. ఆ ముగ్గురిలో ఎవరో ఒకరని ఎంచుతూ పోతే తన మీద అంత భయం కలగకపోవడం చూసి ఆమెకే ఆశ్చర్యమైంది.

శుక్రవారం గాలి లేచింది. ఎండబెట్టిన దుంపల మీదికి ఇసుక కొట్టింది. శనివారం మధ్యాహ్నం మూడు పడవలు వచ్చాయి, వాటిలో మ్వేవా లేడు. మిగిలిన చేపలు ఎండాక వస్తానని ఆగిపోయాడని, ఇంత గాలిలో బుద్ధున్నవాడెవడూ పడవ తీయడని వచ్చినవాళ్లు చెప్పారు. మ్వేవాకు బుద్ధి ఎంతుందో పెళ్లాడిన చిబెసకే తెలుసు. ఒడ్డు నుంచి తిరిగి వచ్చింది. వస్తూ వస్తూ కలుబ ఇంటి ముందు పిల్లల గుంపులో లూసె కనపడింది. పిడికిట్లో వేయించిన వేరుశనగలు పెట్టుకుని, ఒక్కొక్కటే ముందు పంటి కింద పెట్టి, కావాలని కొరుకుతోంది.

చిబెస పిల్ల చెంప ఛెళ్లుమనిపించింది. గింజలన్నీ మట్టిలో పడ్డాయి. పిల్లలంతా నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు, ఒకరిద్దరి పళ్ల సందులు ఎండలో బాగా కనిపించాయి. లూసె ఏడవలేదు. ముందు పన్ను ఉందో లేదో నాలుకతో చూసుకుంది, ఆ తర్వాతే ఏడుపు మొదలుపెట్టింది. ఆ బిడ్డ ఒంటి మీద చెయ్యి వేయడం చిబెసకు అదే మొదటిసారి. కొట్టిన చెయ్యి చాలాసేపు మండింది. పిల్ల చెంప ఎంత మండిందో మరి.

"పన్ను ఊడుతుంటే కొడతారటే ఎక్కడైనా?" అని ముసలమ్మ మాత్రం అడిగింది. పిల్ల తన చాప చుట్టుకుని నాయనమ్మ గుడిసెలోకి పోయింది. ఆ రాత్రీ, మర్నాడూ తల్లితో మాట్లాడలేదు. చిబెస తలుపు దగ్గర పెట్టిన జావ గిన్నె అలాగే ఉండి పైన మీగడ కట్టింది.

ఆదివారం సాయంత్రానికీ గాలి తగ్గలేదు. సోమవారం ఉదయం చిబెస మడుగుకు పోయింది. దుంపలు నానిన నీళ్లు పుల్లటి వాసన కొడతాయి, ఆ వాసన జుట్టుకు పట్టి రెండు రోజులు వదలదు. మోకాలి లోతు దిగి, కింద రాళ్ల బరువు పెట్టిన దుంపల్ని ఒక్కొక్కటే నొక్కి చూసి, మెత్తబడినవి తట్టలో వేసుకుంది. చేతులు పని చేస్తున్నాయి గాని మనసంతా నీళ్ల మీదే ఉంది. పడవ బోర్లాపడితే వలలు కాళ్లకు చుట్టుకుంటాయని, ఈత వచ్చినవాడికి కూడా అప్పుడు ఈత పనికిరాదని ఆమెకు తెలుసు. తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటి మలుపు తిరిగేసరికి ముసలమ్మ కేక వినిపించింది.

"ఊడింది! నా మనవరాలి పన్ను ఊడిందర్రా!"

లూసె వాకిట్లో గంతులేస్తోంది. పెదవి మీద రక్తం, ఆ రక్తంలోనే నవ్వు. శనివారం నాటి కోపం మరిచి తల్లి వైపు పరుగెత్తుకొచ్చి నోరు బార్లా తెరిచి చూపించింది. ముసలమ్మ చాప మీద కూచుని ఉంది. ఆమె చూపుడు వేలికి వల దారం రెండు చుట్లు చుట్టి ఉంది. దారం చివర నూకకంటె కాస్త పెద్దదిగా, తెల్లగా పన్ను వేలాడుతోంది.

చిబెస నెత్తి మీది తట్ట జారి కింద పడింది. దుంపలు వాకిలంతా దొర్లాయి.

"ఏం పని చేశారత్తా! మీ కొడుకు నీళ్ల మీదున్నాడు!"

ఆ మాటకు అర్థమేమిటని ముసలమ్మ అడగలేదు. పిల్లను పిలిచి, పోయి కలుబ కూతురికి నోరు చూపించి రమ్మని, ఈల వస్తుందో లేదో అక్కడే తేల్చుకుని రమ్మని పంపింది. పిల్ల పరుగెత్తింది. ముసలమ్మ చేతికి అందినంత మేర దుంపల్ని దగ్గరికి లాక్కుని, ఒక్కొక్కదానికీ మట్టి తుడవసాగింది.

చిబెస నేల మీద కూలబడింది. ఆరేళ్లు నాలుక కింద దాచుకున్న మాట ఏడుపుతో కలిసి బయటికి వచ్చేసింది. "అది చింకుల బిడ్డ అత్తా. మీరు తలకిందులుగా చూసి పొరపాటు పడ్డారు. దానికి పై పన్నే ముందొచ్చింది."

"తెలుసు" అంది ముసలమ్మ.

చిబెస ఏడుపు ఆగిపోయింది.

"జలుబని చెప్పి మూడు రోజులు ముఖం కప్పావు. జలుబు చేసిన పిల్లకు ముక్కు కారదటే? నేను ఒళ్లోకి తీసుకోకముందే నువ్వు స్నానం చేయిస్తుంటే చూశాను."

"మరి కిందదని చెప్పారు?"

"నేను కూచున్న చోటి నుంచి అది కిందదే కదే. నేను అబద్ధం చెప్పలా. కనపడిందే చెప్పాను" అని ముసలమ్మ నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది, తేరుకోవడానికి కొంచెంసేపు పట్టింది. "అందుకే పిల్లల్ని అట్లా పడుకోబెట్టుకోవడం. ముసలిది, కళ్లు కనపడవు, దానికి పైదేదో కిందదేదో ఏం తెలుసు అంటారు. అనుకోనీ. అనుకుంటేనే మేలు."

"అందరికీ అట్లాగే చెప్పారా?"

"చాలామందికి కిందవే ముందొస్తాయి. రానివాళ్లకు నేనున్నాను."

ఒక దుంపకు తొక్క లాగి పక్కన పెట్టి, ముసలమ్మ ఇంకోటి తీసుకుంది. చేతులు ఒక్క క్షణమైనా ఆగలేదు. ఆ తర్వాతి మాట కూడా ఆ పనిలో పనిగానే చెప్పింది. మ్వేవా కంటే ముందు తనకొక ఆడపిల్ల ఉండేదట. ఆ సంగతి చిబెస ఎన్నడూ వినలేదు. అత్తగారికి మ్వేవా ఒక్కడే సంతానమని అందరిలాగే తనూ అనుకుంది.

"మా అత్త అడిగింది, ఏ పన్నొచ్చిందే అని. నేను చూసింది చూసినట్టే చెప్పాను. పద్దెనిమిదేళ్లదాన్ని. పెద్దవాళ్లడిగితే నిజం చెప్పాలని మా అమ్మ నేర్పింది, చెప్పాను. నాకప్పుడు అబద్ధం చేతకాలేదే. దాన్ని నా చేతుల్లోంచి తీసుకుపోయారు."

ఎక్కడికి తీసుకుపోయారని చిబెస అడగలేదు. అత్తగారు కుండ పట్టుకుని ఏ మలుపు వైపు పోదో ఆమెకు తెలుసు.

"చింకుల బిడ్డకు పన్ను ఊడితే ఎవరో పోతారంటారు. ఎవరు చూశారు? పళ్లు ఊడేదాకా ఒక్కదాన్నైనా బతకనిస్తే కదా తెలిసేది" అంది ముసలమ్మ. దారం విప్పి పన్నును అరచేతిలో వేసుకుని, కళ్లకు దగ్గరగా తెచ్చి చూసుకుంది. "నాక్కూడా తెలీదులే. నిజమేనేమో. అందుకే నా చేత్తో లాగాను. ఏదైనా వస్తే లాగిన చేతి మీదికే రానీ. నా కొడుకు మీదికి, నీ మీదికి ఎందుకు?"

చిబెస ఆమె చేతిని పట్టుకుంది. దుంపల జిగురుతో ఇద్దరి చేతులూ అంటుకున్నాయి. చిబెస ఆ అరచేతిని ముఖానికి ఆనించుకుని ఏడ్చింది. ముసలమ్మ కాసేపు ఏడవనిచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇదొకటి విను, నోరున్నప్పుడే చెబుతున్నాను. నేనెట్లాగూ పోతాను. రేపో, వచ్చే వానల్లోనో. ఆ నెలలో దీనికి ఇంకో పన్ను ఊడి ఉంటుంది. ఈ వయసులో నెలకొకటి ఊడుతూనే ఉంటాయి. అప్పుడు నువ్వు పిల్ల నోటి వంక చూశావా, ఊరుకోను. దగ్గుతో పోయిందని చెప్పు. నేను దగ్గుతోనే పోతాను."

లూసె తిరిగి వచ్చింది. ఈల రాలేదట, ఉమ్మి మాత్రం బాగా దూరం పడుతోందట. ఇద్దరి ముఖాలూ చూసి, ఏమైందని అడగబోయి మానుకుని, పన్ను తనకిమ్మని చెయ్యి చాచింది. ఊడిన పన్నును ఇంటి కప్పు మీదికి విసిరి, పాతది తీసుకుని కొత్తది ఇమ్మని అడగాలి. పెద్దింటి మీద రేకులున్నాయి, పన్ను జారి కిందికొచ్చేస్తుంది. నాయనమ్మ గుడిసె గడ్డిదే మేలని పిల్లే తేల్చింది. మొదటిసారి విసిరితే తగిలి కింద పడింది. ముగ్గురూ వంగి దుంపల మధ్య వెతికారు, కళ్లు కనపడని ముసలమ్మకే దొరికింది. రెండోసారి గడ్డిలో చిక్కుకుని నిలిచింది. చిబెస కూతుర్ని దగ్గరికి తీసుకుని, తను కొట్టిన చెంప మీద చెయ్యి వేసింది. లూసె ఆ చెయ్యిని తోసేయలేదు గాని, "ఇప్పుడు చెరకు తినొచ్చా?" అని మాత్రం గట్టిగా అడిగింది.

చిబెస లోపలికి పోయి, మూల దాచిన గడ తెచ్చి, మోకాలి మీద విరిచి ఇచ్చింది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. విన్నంత మాత్రాన భయం పోతుందా? గాలి చప్పుడూ, గుడిసెలో దగ్గూ వింటూ పడుకుంది. తెల్లారగట్ల దగ్గు ఆగిపోయింది. లేచి పరుగెత్తింది. ముసలమ్మ నశ్యం పీలుస్తోంది. చావు కబురు చల్లగా చెబుతాలే, పోయి పడుకో అని కోడల్ని కసిరింది.

మధ్యాహ్నానికి గాలి పడిపోయింది. మ్వేవా పడవ వచ్చింది. ఒక తెడ్డు విరిగింది, ఒక వల పోయింది, మనిషి మాత్రం నిక్షేపంలా దిగి, ఆకలేస్తోందని, ఇంట్లో ఉబ్వాలి ఉందా లేదా అని అందరికంటే ముందు అదే అడిగాడు. పోయిన వల గురించి దారి పొడుగునా తిట్టుకుంటూనే వచ్చాడు. కూతురు నోరు తెరిచి చూపిస్తే, ఆ సందులోంచి చిన్న పడవ నడుపుకుపోవచ్చన్నాడు. చిబెస వండి వడ్డించింది. అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూచుని చూసింది. ఏమిటలా చూస్తున్నావని అడిగితే, పిండిలో పీచు వచ్చిందేమోనని అంది. పీచు వచ్చిన మాట నిజమే, ఆ రోజు ఈనె లాగని దుంపల పిండే అది.

సాయంత్రం అతను తెచ్చిన ఎండుచేపల కోసం ఇరుగుపొరుగు ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చారు. వాకిలంతా గోలగా ఉంది. కలుబ అందరికంటే వెనక వచ్చి, అందరికంటే దూరంగా నిలబడింది. ఎండ ఇంకా తగ్గలేదు. ఆమె కొడుకు ముఖం మీద మాత్రం గుడ్డ కప్పి ఉంది.

"పిల్లాడికేమైంది కలుబా?" అని ఎవరో అడిగారు.

"జలుబు" అంది కలుబ.

చేపలు పంచుతున్న చిబెస తలెత్తింది. ఆమె చూపు కలుబ ముఖం మీద ఆగింది. వారం రోజుల్లో ఆ మనిషి బాగా చిక్కిపోయింది. కళ్ల కింద నల్లగా దిగింది. ఇన్నాళ్లూ పక్కింట్లో ఉండి, రోజూ ఎదురుపడుతూ, తన బిడ్డ పన్ను గొడవలో పడి తను దీన్ని చూడనే లేదు. చిబెస చేతులు కడుక్కుంది.

"ఇటివ్వు బిడ్డను. నువ్వు చేపలు ఏరుకో" అంది.

"వద్దు వదినా, నిద్రపోతున్నాడు" అని కలుబ వెనక్కి జరిగింది. గుడ్డ కింద నిద్రపోతున్న బిడ్డ కాళ్లు రెండూ తెగ ఆడుతున్నాయి.

చిబెస దగ్గరికి వెళ్లి బిడ్డను ఆమె చేతుల్లోంచి తీసుకుంది. మెల్లగానే తీసుకుంది గాని వదలలేదు. కలుబ చేతులు కాసేపు అలాగే గాలిలో ఉండిపోయాయి. చిబెస అత్తగారి చాప మీద కాళ్లు చాపుకుని కూచుని, బిడ్డను తొడల మీద వెల్లకిలా వేసుకుని, తలను తన పొట్టకు ఆనించుకుంది. గుడ్డ తీసింది. ముక్కు పొడిగా ఉంది. బిడ్డ ఆమె ముఖాన్ని తలకిందులుగా చూసి నవ్వాడు. పై చిగురు మీద రెండు పళ్లు తెల్లగా, స్పష్టంగా ఉన్నాయి. కింద ఏమీ లేదు.

గిన్నెలు పట్టుకున్న ఆడవాళ్లు మాటలాపి ఇటు తిరిగారు. కలుబ పెదవులు పాలిపోయాయి. ముసలమ్మ చాటలోంచి తల ఎత్తలేదు, గింజలు ఏరుతున్న వేళ్లు మాత్రం ఆగాయి.

"అత్తా" అని చిబెస గట్టిగా, నాలుగిళ్లకు వినపడేలా పిలిచింది. "కలుబ కొడుక్కి కింది పన్ను చక్కగా పైకొచ్చింది. రెండోది కూడా వచ్చేసింది."

"నేను చెప్పలేదూ" అంది ముసలమ్మ, మళ్లీ రాళ్లు ఏరుతూ. "నా నశ్యం నాకివ్వమను. ఒక పంటికే ఇచ్చింది."

ఆడవాళ్లు నవ్వి మళ్లీ చేపల మీద పడ్డారు. కలుబ వచ్చి చాప చివర కూచుంది. చిబెస బిడ్డను వెంటనే తిరిగి ఇవ్వకుండా అలాగే ఒళ్లో ఉంచుకుని, నానిన దుంప ఒకటి తీసి కలుబ చేతిలో పెట్టి, ఈనె మిగలకుండా లాగమంది.